చెవుల మధ్య రంగస్థలం

ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ పడే నెలల్లో నాకు వాట్సాప్‌లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పదిహేను వేలలో సౌండ్‌స్టేజ్ బాగుండే హెడ్‌ఫోన్ ఏది?" ఒక పేరు చెప్పేస్తే అడిగినవాడికీ హాయి, నాకూ హాయి. కానీ నేను పేరు చెప్పను. "రాత్రి వింటావా, పగలా? రూమ్‌లో ఎంతమంది ఉంటారు?" అని ఎదురు అడుగుతాను. హెడ్‌ఫోన్ గురించి అడిగితే వీడు రూమ్ గురించి అడుగుతాడేంటి అనుకుంటారు. ఈ వ్యాసం ఆ ఎదురు ప్రశ్నకు నా సంజాయిషీ.

పదిహేను వేలంటే మనలో చాలామందికి వేసవంతా పనిచేసి దాచుకున్న డబ్బు. ఇంకోసారి అంత మొత్తం చేతికి రావాలంటే ఏడాది ఆగాలి. కాబట్టి మోడల్ పేరు కన్నా ముందు, ఆ 'వెడల్పు' అనేది ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకుంటే మంచిది. అది తెలిస్తే సగం మోడళ్లు వాటంతటవే పక్కకు పోతాయి.

మైకు లేని కచేరీ

ఒక ఇంటి హాల్లో మైకు లేకుండా చిన్న కచేరీ జరుగుతోందనుకోండి. మధ్యలో గాయకుడు. సాధారణంగా ఆయనకు ఎడమ పక్కన వయొలిన్, కుడి పక్కన మృదంగం. ఎదురుగా కూర్చున్న మనకు అవి తారుమారు: మృదంగం ఎడమవైపు, వయొలిన్ కుడివైపు. వెనకగా తంబూర. కళ్లు మూసుకున్నా సరే, ఎవరెక్కడున్నారో వేలు పెట్టి చూపించగలం. మూసిన కళ్ల ముందు అలా ఏర్పడే వేదిక పేరే సౌండ్‌స్టేజ్. మనం రంగస్థలం అనుకుందాం, మాట బాగానే అతుకుతుంది.

ఇందులో మూడు వేరు వేరు సంగతులున్నాయి. మృదంగానికీ వయొలిన్‌కీ మధ్య ఎంత దూరం వినిపిస్తోందన్నది వెడల్పు. గాయకుడికీ వెనకున్న తంబూరకీ మధ్య ఎంత దూరం అన్నది లోతు. ఒక్కో వాద్యం తన చోట తాను కదలకుండా, స్పష్టంగా ఉందా లేదా అన్నది మూడోది. దీన్ని ఇమేజింగ్ అంటారు. వెడల్పు బాగా ఉండి ఇమేజింగ్ లేకపోతే వయొలిన్ కుడివైపంతా పొగలా పరుచుకుంటుంది తప్ప ఫలానా చోట ఉందని అనిపించదు. గేమ్‌లో శత్రువు అడుగుల చప్పుడు ఏ మూల నుంచి వస్తోందో తెలియాలనుకునేవాళ్లకు అసలు కావలసింది ఈ మూడోదే. వాళ్లు కూడా వెడల్పు కావాలనే అడుగుతుంటారు.

మెదడు వేసే లెక్క

మన తల వెడల్పు పద్దెనిమిది సెంటీమీటర్ల దరిదాపు. గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. సరిగ్గా కుడి పక్కన ఎవరైనా చిటికె వేస్తే ఆ చప్పుడు ముందు కుడి చెవికి చేరి, తల చుట్టూ తిరిగి ఎడమ చెవికి చేరేసరికి 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. మెదడు ఆ కాస్త తేడానూ పట్టేస్తుంది. సుమారు 1500 హెర్ట్జ్ లోపు ధ్వనులకు ఈ కాలం తేడా బాగా పనికొస్తుంది. అంతకన్నా పై ధ్వనులకు తల అడ్డుపడుతుంది. గోడ నీడ పడ్డట్టు అవతలి చెవి దగ్గర చప్పుడు తగ్గుతుంది. మెదడు అక్కడ ఆ గట్టితనం తేడా చూసుకుంటుంది. ఈ రెండు దారుల సంగతి లార్డ్ రేలీ 1907లోనే చెప్పాడు. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చదివినప్పుడు వచ్చిన రేలీ ఈయనే.

కుడీ ఎడమా సరే, ముందూ వెనకా ఎలా తెలుస్తుంది? పైనా కిందా ఎలా తెలుస్తుంది? అక్కడ పని చెవి డొప్పది. దాని మడతలకు తగిలి వచ్చే ప్రతిధ్వనులు కొన్ని ధ్వనులను పెంచుతాయి, కొన్నింటిని తగ్గిస్తాయి. ముఖ్యంగా 5 వేల హెర్ట్జ్ పైన ఈ ప్రభావం ఎక్కువ. ఎటునుంచి వచ్చిన ధ్వనికి ఎలాంటి మార్పు జరుగుతుందో మెదడు చిన్నప్పటినుంచీ నేర్చుకుని పెట్టుకుంది. పైగా ఈ మడతలు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. అందుకే ఒకే హెడ్‌ఫోన్‌ను ఒకరు "స్టేడియంలా ఉంది" అంటే ఇంకొకరు "ఏముంది ఇందులో" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఏమవుతుందో చూడండి. అలాన్ బ్లూమ్‌లైన్ 1931లో స్టీరియోకి పేటెంట్ దరఖాస్తు పెట్టినప్పుడు ఊహించింది ఎదురుగా ఉండే స్పీకర్లను. ఈనాటికీ చాలా పాటలు స్పీకర్ల ముందు కూర్చునే మిక్స్ చేస్తారు. స్పీకర్ల దగ్గర ఎడమ స్పీకర్ చప్పుడు రెండు చెవులకూ వస్తుంది, కాస్త తేడాతో. హెడ్‌ఫోన్‌లో ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే. చెవి డొప్పకు చేతినిండా పని ఉండదు. మనం తల తిప్పితే గాయకుడూ మనతోపాటే తిరుగుతాడు. నిజమైన కచేరీలో అలా జరగదు కదా. ఇన్ని ఆనవాళ్లు పోయేసరికి మెదడు చేతులెత్తేసి, పాట తల లోపలే పాడుతున్నట్టు లెక్క తేలుస్తుంది.

కాబట్టి ఆశ ఎంత పెట్టుకోవాలో ముందే చెప్తాను. మనం కొనగలిగే ధరలో బాగా వెడల్పైనదని పేరున్న హెడ్‌ఫోన్ కూడా నా చెవికి రంగస్థలాన్ని చెవుల బయటికి జానెడు దూరం తీసుకెళ్తుంది. ముందువైపు లోతు అంతకన్నా తక్కువే. హాలు కళ్ల ముందుకు రాదు. కానీ తల లోపల ఇరుక్కున్న పాటకీ, ఆ జానెడు బయటికొచ్చి ఊపిరి తీసుకున్న పాటకీ ఉన్న తేడా ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు.

నిర్మాణంలో ఏం చూడాలి

మొదటిది వెనక భాగం. స్పీకర్ పొర ముందుకు ఎంత గాలిని నెడుతుందో వెనక్కీ అంతే నెడుతుంది. వెనక మూసేస్తే ఆ ధ్వని డిప్ప గోడకు కొట్టుకుని తిరిగి చెవిలోకే వస్తుంది. మన మెదడుకు అది 'చిన్న గదిలో ఉన్నావు' అని చెప్పినట్టు. వెనక జాలీ పెట్టి వదిలేస్తే ధ్వని బయటికి పోతుంది, బయటి గాలీ చప్పుడూ లోపలికొస్తాయి. దీన్నే ఓపెన్ బ్యాక్ అంటారు. 1958లో కాస్ కంపెనీ ఎస్‌పి/3తో స్టీరియో హెడ్‌ఫోన్లు ఇళ్లలోకి వచ్చాయి. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డి 414తో ఓపెన్ బ్యాక్ వచ్చింది. వెడల్పు కావాలంటే మొదటి మెట్టు ఇదే.

రెండోది, స్పీకర్ చెవికి ఎంత దూరంలో, ఏ కోణంలో ఉంది. చెవి మొత్తం లోపల ఇమిడేంత పెద్ద మెత్తలుండి, స్పీకర్ కాస్త ముందువైపు నుంచి చెవిని చూస్తూ ఉంటే డొప్పకు మళ్లీ కాస్త పని దొరుకుతుంది. 2009లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 800 వెడల్పుకి అంత పేరు తెచ్చుకోవడానికి ఈ ఏర్పాటు ముఖ్య కారణం. అది మన ధర కాదు, సూత్రం మాత్రం మనదే. దీనికి వ్యతిరేక ఉదాహరణ గ్రాడో ఎస్ఆర్60. అదీ ఓపెన్ బ్యాకే, గిటారు విన్నామంటే ప్రాణం లేచొస్తుంది. కానీ స్పాంజి మెత్త చెవి మీదే కూర్చుంటుంది, స్పీకర్ చెవికి ఆనుకున్నట్టే ఉంటుంది. అందుకే రంగస్థలం చిన్నది. వెనక తెరిచి ఉన్నంత మాత్రాన సరిపోదన్నమాట.

మూడోది ధ్వని పాళ్లు. 1000, 2000 హెర్ట్జ్ మధ్య కాస్త తగ్గిస్తే గొంతు నాలుగడుగులు వెనక్కి జరిగినట్టు ఉంటుంది. పై ధ్వనులు పెంచితే గాలి ఆడుతున్నట్టు ఉంటుంది. ఈక్వలైజర్‌తో మీరే చేసి చూడొచ్చు. అంటే షాపులో మనం 'వెడల్పు' అనుకునేదాంట్లో కొంత భాగం నిజానికి ఈ పాళ్ల మహిమ. పది నిమిషాలు అబ్బురంగా ఉండి, వారం తర్వాత బాలు గొంతు పల్చబడిందే అనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

మెత్తల గురించి ఇంకో మాట. ఏడాది రెండేళ్లకు అవి నలిగి పల్చబడతాయి. స్పీకర్ చెవికి దగ్గరవుతుంది, రంగస్థలం ముడుచుకుంటుంది. కొనేముందే ఆ మోడల్‌కి విడి మెత్తలు దొరుకుతున్నాయా, కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చా అన్నది చూసుకోండి.

డబ్బా మీది అంకెలు

"50 ఎంఎం డ్రైవర్" అన్నది సైజు మాత్రమే. అది వెడల్పు కొలత కాదు. "20 నుంచి 20,000 హెర్ట్జ్" అని దాదాపు ప్రతి డబ్బా మీదా ఉంటుంది, దాంతో ఏదీ తేలదు. "7.1" అని రాసినవాటిలో చాలావరకు పని చేసేది సాఫ్ట్‌వేర్. స్టీరియో పాటకు దానివల్ల గొంతు బాత్రూమ్‌లో పాడినట్టు అవుతుందే గానీ వేదిక పెరగదు.

పట్టించుకోవాల్సిన అంకెలు రెండే: ఓమ్‌లు, సెన్సిటివిటీ. ఒక వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ ఉందనుకోండి. వోల్టు వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 31 మిల్లీవాట్లు, 300 ఓమ్‌ల దానికి 3.3 మిల్లీవాట్లు అందుతాయి. ఫస్టియర్ లెక్కే. అలాగని ఓమ్‌లు తక్కువుంటే చాలని కాదు. ఒక మిల్లీవాటుకు 91 డెసిబెల్‌లు ఇచ్చేదానికీ 100 ఇచ్చేదానికీ 9 తేడా. ఆ 9 అంటే అదే గట్టితనానికి ఎనిమిది రెట్ల శక్తి. ఈ రెండూ కలిపి చూడకుండా కొంటే తర్వాత ఆంప్ కోసం ఇంకో నాలుగు వేలు వెతుక్కోవాలి. మీ పదిహేను వేల లెక్కలో ఆ ఖర్చు కూడా ఉండాలి.

ఈ తరగతిలో నేను విన్నవి

సీనియర్ల దగ్గరా, స్నేహితుల దగ్గరా, హైదరాబాద్‌లో ఒక షాపులోనూ విన్నవి ఇవి. ధరలు సేల్‌ని బట్టి మారిపోతాయి కాబట్టి రాయడం లేదు. ఇవన్నీ ఓపెన్ బ్యాక్, అన్నీ వైరుతోనే.

ఏకేజీ కె702: వీటిలో నా చెవికి అన్నిటికన్నా వెడల్పు. వాద్యబృందాల సంగీతం విప్పారినట్టు వస్తుంది. డప్పు మోత కావాలనుకునేవాళ్లకు మాత్రం కింది ధ్వనులు చాలవు. 62 ఓమ్‌లే అయినా సెన్సిటివిటీ తక్కువ, కాస్త బలమైన డాంగిల్ ఉండాలి.

ఆడియో-టెక్నికా ఏడీ700ఎక్స్: తేలిక, వెడల్పు. ఫోన్‌తో కూడా మోగుతుంది, 38 ఓమ్‌లు. ఇందులోనూ బేస్ పల్చనే.

ఫిలిప్స్ ఫిడెలియో ఎక్స్2హెచ్ఆర్: 30 ఓమ్‌లు. బేస్ నిండుగా ఉండి కూడా వేదిక బాగా తెరుచుకుంటుంది. సినిమా పాటలూ సినిమాలూ రెండూ కావాలంటే ఇది.

సెన్‌హైజర్ హెచ్‌డి 560ఎస్: 2020లో వచ్చింది, 120 ఓమ్‌లు. వెడల్పులో కె702 కన్నా ఒక మెట్టు తక్కువ. ఎవరెక్కడున్నారో చెప్పడంలో తేట.

హైఫైమాన్ హెచ్ఈ400ఎస్ఈ: సన్నని పొర మొత్తం కదిలే ప్లానార్ రకం. 25 ఓమ్‌లు, కానీ సెన్సిటివిటీ 91. పైన వేసిన లెక్క దీని కోసమే.

బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్‌ల రకం: వెడల్పు ఉంది, పై ధ్వనులు పదును. స, శ అక్షరాలు గుచ్చుకునే చెవులైతే ముందు విని తీరాలి.

ఇంకో సంగతి. సెన్‌హైజర్ హెచ్‌డి 600 అనేది 1997 నుంచి ఉన్న పేరుమోసిన ఓపెన్ బ్యాక్. గొంతు వినడానికి అంతకన్నా సహజమైనది నేను వినలేదు. కానీ దాని రంగస్థలం చిన్నదే, గాయకుడు మన పక్కన కూర్చుని పాడినట్టు ఉంటుంది. ఎక్కువగా గొంతు ప్రధానమైన పాటలే వినేవాళ్లకు వెడల్పు అసలు అవసరమా అన్నది కూడా ఆలోచించాల్సిన ప్రశ్న.

ముగ్గురుండే గదిలో

ఇక్కడికొచ్చాం కాబట్టి నా ఎదురు ప్రశ్న సంగతి. ఓపెన్ బ్యాక్‌లో ధ్వని బయటికి పోవాలి, అదే దాని గొప్ప. ఆ బయట ఉన్నది ఎవరు? మన రూమ్మేట్. నా రూమ్మేట్ గేట్‌కి చదువుతున్నాడు. రాత్రి పదింటికి కూర్చుంటే రెండింటికి లేస్తాడు. మూడడుగుల దూరంలో నేను ఓపెన్ బ్యాక్ పెట్టుకుంటే, లైబ్రరీలో ఎవరో ఫోన్ స్పీకర్ పెట్టినట్టే వాడికి. వాడికి ఈ పరీక్ష ఏడాదికి ఒక్కసారి. నా పాట ఎప్పుడైనా వినొచ్చు.

రెండోవైపు నుంచి చూడండి. బయటి చప్పుడూ లోపలికొస్తుంది. సీలింగ్ ఫ్యాన్, కారిడార్‌లో అరుపులు, పక్క రూమ్‌లో క్రికెట్ మ్యాచ్. వాటిని మించాలని మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్‌ల దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది. 90 దగ్గరికొచ్చేసరికి వారానికి 4 గంటలే. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. రంగస్థలం కోసం కొన్న వస్తువు ఆ రంగస్థలాన్ని చూసే కళ్లనే పోగొడితే ఏం లాభం?

కాబట్టి రాత్రి, రూమ్‌లో మనుషులుండగా, లేదా బస్సులోనో రైల్లోనో వినేవాళ్లకు ఓపెన్ బ్యాక్ కొనొద్దనే చెప్తాను. మూసినవాటిలో చెవులకు చోటున్న పెద్ద డిప్పలవి చూసుకోండి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో లాంటివి మూసినవే అయినా ఇరుకనిపించవు. ఓపెన్ అంత రాదు, కానీ రోజూ వినగలుగుతారు. బీరువాలో పడుండే వెడల్పు కన్నా రోజూ వినే ఇరుకు నయం.

విని చూసే పద్ధతి

అవకాశం దొరికితే కొనేముందు ఇలా వినండి. ఒకటి, రెండు హెడ్‌ఫోన్ల గట్టితనం సమానం చేసుకోండి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది, చెవికి ఉన్న బలహీనత అది.

రెండు, మొదట ఒక మోనో పాట వినండి. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనో రికార్డింగులు. తర్వాత స్టీరియోగా మార్చినవి కాక పాతదే దొరికితే, ఘంటసాల గొంతు సరిగ్గా నడిమధ్యన, ఒక్క చోట నిలబడాలి. అటో ఇటో ఒరిగితే హెడ్‌ఫోన్‌లో రెండువైపులూ సమానంగా లేవన్నమాట. రెండు చానెళ్లలో ఒకటే ధ్వని ఉన్నప్పుడు ఏ హెడ్‌ఫోనూ నిజమైన వేదికను సృష్టించలేదు. అక్కడ కూడా "ఎంత వెడల్పో" అనిపిస్తే అది ధ్వని పాళ్ల మాయ.

మూడు, వాద్యాలు చాలా ఉన్న రికార్డింగు. ఇళయరాజా 1986లో చేసిన 'హౌ టు నేమ్ ఇట్' గానీ, 2005లో బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన 'తిరువాసకం' గానీ పెట్టి కళ్లు మూసుకోండి. ఒక వాద్యాన్ని ఎంచుకుని, మిగతావి వచ్చి చేరినా అది ఎక్కడుందో వేలితో చూపించగలుగుతున్నారా? చేయగలిగితే ఇమేజింగ్ బాగున్నట్టే.

నాలుగు, యూట్యూబ్‌లో బైనారల్ రికార్డింగు ఒకటి వినండి. మనిషి తల ఆకారంలో బొమ్మ చేసి, దాని చెవుల్లో మైకులు పెట్టి తీస్తారు. న్యూమన్ కేయూ 100 అలాంటి బొమ్మే. చెవి ఆనవాళ్లన్నీ రికార్డింగులోనే ఉంటాయి కాబట్టి రెండొందల ఇయర్‌ఫోన్‌లో కూడా ఎవరో వెనక నడిచినట్టు ఉలిక్కిపడతారు. వేదికలో ఎంత భాగం రికార్డింగుదో, ఎంత భాగం వస్తువుదో అప్పుడు బాగా అర్థమవుతుంది.

షాపులో వినే వీలు లేక ఆన్‌లైన్‌లో కొంటే, తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో, విప్పిన పెట్టె తీసుకుంటారో లేదో డబ్బు కట్టకముందే చదవండి. ఆ రోజులన్నీ మీరు మామూలుగా వినే పాటలే వినండి.

చివరికి అడగాల్సిన ప్రశ్నల వరస ఇది. ఎక్కడ, ఏ సమయంలో వింటాను? పక్కన ఎవరుంటారు? ఎక్కువగా వినేది గొంతా, వాద్యాలా, గేములా? నా ఫోనో ల్యాప్‌టాపో దాన్ని మోగించగలదా? మెత్తలు దొరుకుతాయా? ఈ ఐదింటికీ జవాబు రాసుకున్నాక మిగిలే పేర్లు రెండో మూడో. వాటిలో ఏది కొన్నా నష్టం లేదు.

నేను ఇవన్నీ చూసుకుని, రూమ్మేట్‌తో మాట్లాడుకుని హెచ్‌డి 560ఎస్ తీసుకున్నాను. సాయంత్రం వాడు గ్రౌండ్‌కి వెళ్లే ఐదున్నర నుంచి ఏడున్నర దాకా అది నాది. రాత్రికి మామూలు ఇయర్‌ఫోన్లే, చిన్న వాల్యూమ్‌తో. ఫిబ్రవరిలో వాడి పరీక్ష అయిపోయాక ముందు వాడికే వినిపిస్తానని మాటిచ్చాను. ఏం పాట పెట్టాలో వాడు అప్పుడే చెప్పేశాడు.